పెరుగు కేకు

మా చిన్నమ్మ పోయింది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేలోపు కాసేపు కూర్చుందామని కుర్చీ లాక్కుని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. పాలు మాడిన వాసనకు మా తమ్ముడు లేచి వచ్చి చూశాడట. "అక్కా, చిన్నమ్మ లేస్తలేదు" అని వాడు ఫోన్ చేస్తే, ఉప్పల్‌లో మా ఇంట్లో పిల్లకు జడ వేస్తున్నదాన్ని అలాగే ఆటో ఎక్కాను. నేను నాచారంలో పుట్టింటికి చేరకముందే మా పెద్దనాయన, అంటే మా బాపుకు అన్న, చుట్టాల గ్రూపులో మెసేజ్ పెట్టేశాడు. "అక్క లేని లోటు తెలియనివ్వకుండా, ఉన్నదాంతో సర్దుకుపోయిన ఆదర్శ ఇల్లాలు ఇక లేరు." దాని కింద దండాలు పెట్టే చేతులు వరసగా వచ్చి పడుతున్నాయి. ఆటోలో నాకు ఏడుపు రాలేదు. పళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాను.

ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. పోయినవాళ్ల గురించి మనసు కుదుటపడ్డాక రాయాలంటారు. నా మనసు కుదుటపడేదాకా ఆగితే ఆ మెసేజే అందరికీ గుర్తుండిపోతుంది. అందుకే వేడి మీదే రాస్తున్నాను, చదివేవాళ్లు ఓపిక పట్టండి. మా చిన్నమ్మ సర్దుకుపోయే మనిషి కాదు. అంత పట్టింపు ఉన్న మనిషిని మా చుట్టాల్లో నేను ఇంకొకరిని చూడలేదు. ఆమె ఎవరికీ బదులు కూడా కాదు. నేను చెప్పదలుచుకున్నది ఈ రెండు ముక్కలే.

మా అమ్మ పోయేనాటికి నాకు సరిగ్గా ఊహ తెలియదు, తమ్ముడు ఇంకా పాలు తాగుతున్నాడు. అమ్మకు పెళ్లికాని చెల్లెలు ఉంది, పిల్లలకు పరాయిది కాదు. పెద్దలు కూర్చుని తేల్చేశారు. ఆ చెల్లెలిని అడిగారో లేదో నాకు తెలియదు. అడిగి ఉంటారని నేను అనుకోను. జనగామ వైపు పల్లె నుంచి ఆమె నాచారంలో మా రెండు గదుల ఇంటికి వచ్చింది. బాపు అప్పటికే మల్లాపూర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మెషిన్ మీద పని చేస్తున్నాడు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. రెండో భార్యగా వచ్చినామె, ముందు పోయినామె పేరున చిన్న బంగారు బిళ్ళ ఒకటి మెడలో వేసుకోవాలి. దాన్ని రూపు అంటారు. వేసుకోకపోతే పోయినామె ఊరుకోదని భయం. అలా మా అమ్మ రూపు చిన్నమ్మ మెడలో గొలుసుకు వేలాడుతూ ఉండేది. వంగి పిండి కలిపినప్పుడల్లా అది గిన్నెలోకి జారేది. చేతులకు పిండి అంటి ఉంటుంది కాబట్టి చిన్నమ్మ మణికట్టుతో గొలుసును భుజం మీదుగా వెనక్కి నెట్టి, "అక్కా, జర ఎనుకకు జరుగు, పిండిల పడ్తవ్" అనేది. మొదటిసారి విన్నప్పుడు నేను హడలిపోయాను. పోను పోను నవ్వొచ్చేది. ఆ మాటలో కుళ్లు లేదు, భయమూ లేదు. ఇరుకు వంటింట్లో ఇంకొక మనిషి అడ్డం వస్తే ఎవరైనా ఎలా అంటారో అలాగే అనేది.

మేము ఆమెను చిన్నమ్మా అనే పిలిచాం. కొన్నాళ్లకు అంబర్‌పేట్‌లో ఉండే మా మేనత్త వచ్చి, "ఇంకెన్నాళ్లురా, మంచిగ అమ్మా అని పిలువున్రి, దాని మనసు సుత నిమ్మలమైతది" అని మమ్మల్ని కూర్చోబెట్టి నేర్పబోయింది. చిన్నమ్మ వంటింట్లో నుంచే జవాబు చెప్పింది. "అమ్మా అని పిలువనీకి వాళ్లకు అమ్మ ఉండె వదినా. నేను చిన్నమ్మను. నా పిలుపు నాకున్నది గద, ఇంకొకలది నాకెందుకు?" మేనత్త దాన్ని వినయం అనుకుంది. చిన్నమ్మ గొంతులో వినయం ఎక్కడా లేదని పిల్లలం మాకే అర్థమైంది.

ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె మల్లాపూర్‌లో ఒక బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పనికి వెళ్లేది. పక్కింటామె తీసుకెళ్లి చేర్పించింది. ఆ కొద్ది నెలలే ఆమె జీవితంలో బయటికి వెళ్లి చేసిన పని. మా నానమ్మ మాన్పించేసింది. "పిల్లలను సూడనీకి తెచ్చినం నిన్ను, బిస్కెట్లు కట్టనీకి గాదు" అన్నదట. ఈ మాట నాకు చిన్నమ్మే చెప్పింది, పెద్దయ్యాక, నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. కానీ ఆ కంపెనీ వాసన మాత్రం ఆమెను వదల్లేదు. సాయంత్రం గాలి అటు నుంచి తిరిగితే డాబా మీద బట్టలు తీస్తున్నదల్లా ఆగి, "ఇగో, ఇప్పుడు తీస్తున్నరు పొయ్యిల నుంచి, జర ఎక్కువ కాలినయి" అనేది.

అందుకే ఇంట్లో కేకు మొదలుపెట్టింది. పాత అల్యూమినియం కుక్కర్‌కు గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున దొడ్డుప్పు పోసి, అది బాగా కాగాక పిండి గిన్నె లోపల పెట్టి మూత వేసేది. అందరూ ఉప్పు మీద ఒక స్టాండు పెట్టి దాని మీద గిన్నె పెడతారు. చిన్నమ్మ గిన్నెను నేరుగా ఉప్పు మీదే కూర్చోబెట్టేది. అందువల్ల కేకు అడుగు నల్లగా, గట్టిగా, చేత్తో విరిస్తే టప్పుమనేలా వచ్చేది. పాపం స్టాండు లేదనుకుని మేనత్త ఒకటి కొని తెచ్చి ఇచ్చింది. చిన్నమ్మ థాంక్స్ చెప్పి తీసుకుంది. అది చివరిదాకా కిటికీలో మనీప్లాంట్ సీసా కింద ఉంది. మొన్న వెళ్లినప్పుడు కూడా చూశాను.

ఇక పెరుగు కేకు సంగతి. మా తమ్ముడి పుట్టినరోజు కార్తీకంలో వస్తుంది. బాపు ఏటా అయ్యప్ప మాల వేసేవాడు, మాల ఉన్నన్నాళ్లూ ఇంట్లో గుడ్డు మాట ఎత్తకూడదు. బేకరీ కేకు తెద్దామంటే అందులోనూ గుడ్డు ఉంటుంది. వాడేమో బేకరీ అద్దానికి ముక్కు ఆనించి చూసి వచ్చి ఒకటే ఏడుపు. "కేకు కొయ్యకుంటె పుట్టినట్టు గాదా ఏంది?" అని నానమ్మ విసుక్కుంది. చిన్నమ్మ గడప మీద కూర్చుంది. తర్వాత నన్ను పిలిచి, "గుడ్డు ఏం పని జేస్తది బిడ్డా?" అని అడిగింది.

"తింటే బలం" అన్నాను, బళ్లో చెప్పినట్టు.

"నీకు గాదే, కేకుకు. కేకుల అది ఏం పని జేస్తది? పిండిని పొంగిస్తది. తడి ఆరనియ్యది. ఇరగకుండ పట్టుకుంటది. గివి గుడ్డు చేసే పనులు. ఇప్పుడు మనింట్ల ఈ పనులు తెలిసినోళ్లు ఎవలున్నరో సూద్దాం పా."

చిక్కటి పెరుగు చిలికి, అందులో తినే సోడా వేసింది. గిన్నెలో నురుగు బుసబుసమని పైకి లేచింది. నేను చప్పట్లు కొట్టాను. "ఇగో, పొంగిచ్చేటోడు దొరికిండు" అన్నది. మైదా జల్లించి, చక్కెర పొడి కలిపి, వెన్న లేకపోతే పాల మీగడ వేసి, ఎసెన్స్ లేకపోతే ఇలాయిచీ దంచి వేసి, కుక్కర్ మూత పెట్టి అక్కడే నిలబడింది. ఆడుకోవడానికి పోదాం రమ్మంటే కదల్లేదు. "అన్నిటికి బదులున్నది గాని పొయ్యి కాడ నిలబడుడుకు బదులు లేదు బిడ్డా" అన్నది. వాసన వచ్చేదాకా అలాగే నిలబడింది.

సాయంత్రం మేనత్త ఒక ముక్క నోట్లో వేసుకుని, "గుడ్డు లేని కేకా? పర్వాలే, గుడ్డు లేకున్నా బాగానే ఉన్నది" అన్నది. చిన్నమ్మ చేతిలో చాకు కింద పెట్టేసింది.

"గుడ్డు లేని కేకు గాదు వదినా, పెరుగు కేకు. లేనిదాని పేరు పెట్టి ఉన్నదాన్ని పిలుస్తరా ఎవలన్న? నిన్ను నేను మీసం లేనామె అంటున్ననా?"

తమ్ముడు పడీపడీ నవ్వాడు. మేనత్త కూడా నవ్వింది గాని ఆ రోజు రెండో ముక్క తీసుకోలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో అది పెరుగు కేకు. మాల తీసేశాక గుడ్లు వచ్చినా తమ్ముడు పెరుగు కేకే అడిగేవాడు.

సర్దుకుపోయే మనిషి అని రాసిన పెద్దనాయన ఆమె అరటిపండు కేకు చేసిన రోజు చూసి ఉంటే బాగుండేది. గుడ్డు బదులు మాగిన అరటిపండు వేస్తే సరిపోతుందని ఎవరో టీవీలో చెప్పారు. చేసింది. జిగటగా, బంకలా వచ్చింది. ఒక్క కొరుకు కొరికి, కేకు మొత్తం తీసుకెళ్లి సందు చివర మేకలకు పెట్టేసింది. పక్కింటామె పరుగెత్తుకుంటూ వచ్చి, "అయ్యో, తినొచ్చు గదనే, గింతదానికి పడేస్తరా, జర సర్దుకోవాలె" అంటే, "సర్దుకునుడు బస్సుల సీటుకాడక్కా, నోటికాడ గాదు" అన్నది. కిరాణా కొట్టువాడు మైదా తూస్తుంటే పొట్లంలో ముక్కు పెట్టి వాసన చూసేది. పురుగు వాసన వస్తే ఆ పొట్లం అక్కడే వదిలేసి, నాచారంలో ఇంకో కొట్టు దొరికేదాకా నన్ను ఎండలో తిప్పేది. చక్కెర బదులు బెల్లం వేద్దామని నేనంటే ఒప్పుకోలేదు. బెల్లం వేస్తే అది వేరే తిండి అవుతుందట, దానికి వేరే పేరు పెట్టి వేరే రోజు చెయ్యాలట. తమ్ముడు ఉద్యోగం వచ్చాక ఓవెన్ కొని తెస్తే, రెండుసార్లు చేసి చూసి, "దీంట్ల అడుగు మాడదు" అని పక్కన పెట్టింది. చుట్టాలంతా పాపం ఆమెకు కుక్కరే అలవాటైపోయింది అన్నారు. అలవాటు కాదు. ఆమెకు అడుగు కావాలి.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఆ అడుగు దగ్గరే. కేకు కోసి మెత్తటి పైభాగం మాకందరికీ పెట్టి, నల్లటి అడుగు తను తీసుకునేది. గ్లాసు నిండా చాయ్ పోసుకుని, మెట్టు మీద కూర్చుని, ఆ ముక్కను చాయ్‌లో ముంచి, తీసి, తల వంచి చూసేది. గట్టిగా ఉంటే మళ్లీ ముంచేది. ఎవరు పిలిచినా పలికేది కాదు. ఆ పూట ఆమెకు అదే పండగ. చూసినవాళ్లేమో, "మాడింది తను తిని మంచిది పిల్లలకు పెట్టింది, ఎంత త్యాగమో" అని కళ్లు తుడుచుకునేవారు. చిన్నప్పుడు ఒకసారి నేను ఆ ముక్క అడిగితే ఇవ్వలేదు. "నీ ముక్క నువ్వు తిను, నా ముక్క మీద కన్నెందుకు నీకు?" అన్నది. త్యాగం చేసేవాళ్లు అలా అంటారా?

ఆమెకు పడని కూర ఒకటుంది, వంకాయ. తింటే నాలుక దురద పెట్టేది. అది మా అమ్మకు ప్రాణమట. అందుకని ఏటా పెత్రమాస నాడు, అంటే పెద్దలకు పెట్టే అమావాస్య నాడు, చిన్నమ్మ నువ్వుల పొడి వేసి గుత్తి వంకాయ చేసేది, పెసర గారెలు వేసేది, సేమియా పాయసం కాచేది. అన్నీ మా అమ్మకు ఇష్టమైనవే. ఉప్పు చూడమని నన్ను పిలిచేది, వంకాయ తను నోట్లో పెట్టుకోదు కాబట్టి. అక్క కోసం అంత శ్రద్ధగా వండేది. అందులో ఎవరి బలవంతమూ లేదు, అది వాళ్లిద్దరి మధ్య సంగతి. కానీ ఏడాదికి ఒకసారి వచ్చి ఆ భోజనం తినిపోయే చుట్టాలు మాత్రం, అవన్నీ చిన్నమ్మకే ఇష్టమని లెక్కేసుకున్నారు.

ఆ లెక్క ఎక్కడ తేలిందంటే, మూడోనాడు.

పోయిన మూడోనాడు మా వైపు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, శ్మశానం దగ్గర విస్తట్లో పెట్టి, దూరంగా జరిగి నిలబడాలి. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లు తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే కోరిక ఏదో మిగిలిపోయిందని అర్థం. అప్పుడు దండం పెట్టి ఒక్కొక్కరూ మాట ఇస్తారు. మా ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు కాబట్టి మేనత్త అంబర్‌పేట్ నుంచి వండి తెచ్చింది. ఒక్కొక్క గిన్నె మూత తీస్తుంటే నేను చూస్తున్నాను. పెసర గారెలు. సేమియా పాయసం. గుత్తి వంకాయ.

"అత్తమ్మా, చిన్నమ్మకు వంకాయ పడది" అన్నాను.

"అదేంది బిడ్డా, పెత్రమాసకు ఎంత మనసుపెట్టి వండుతుండె!"

"అది మా అమ్మకు."

"అక్కకు ఇష్టమైంది చెల్లెకు ఇష్టముండదా?" అన్నది మేనత్త, నేనేదో తెలియక మాట్లాడుతున్నట్టు.

"ఇక్కడ లొల్లి వద్దు బిడ్డా" అన్నాడు పెద్దనాయన. "ఏది పెట్టినా తినే మనిషి. సర్దుకుంటది."

విస్తరి పెట్టారు. గోడ మీద కాకులు ఉన్నాయి. లేవంటే సరే అనుకోవచ్చు, వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కుతోంది. పెద్దనాయన ముందుకు వచ్చి, "కొడుకు పెండ్లి మంచిగ జేస్తం, ఫికర్ జెయ్యకు" అని దండం పెట్టాడు. కాకి రాలేదు. "మా అన్నను మంచిగ సూసుకుంటం" అన్నది మేనత్త. రాలేదు. "మీ అక్క ఫోటోకు దినాం దీపం పెడ్తం" అన్నారు ఎవరో. ఆమెకు ఇన్ని మాటలు ఇచ్చారు, అందులో ఒక్కటైనా ఆమె కోసం కాదు. చచ్చిపోయాక కూడా ఆమెకు మొగుడి కోరిక, కొడుకు కోరిక, అక్క కోరిక ఉంటాయి గాని ఆమె కోరిక ఉండదా? బాపు తల దించుకుని నిలబడ్డాడు, నోరు విప్పలేదు. చివరికి ఆ విస్తరి ఎత్తుకెళ్లి ఆవుకు పెట్టారు. మా చిన్నమ్మ ఆకలితో ఉండిపోయిందని నాకు ఆ క్షణాన నిజంగానే అనిపించింది. నేను ఇలాంటివి నమ్ముతానా నమ్మనా అని నన్ను అడగకండి. కడుపులో మంట ఆ లెక్కలు చూడదు.

నారపల్లిలో పెద్దనాయన కొత్త ఇల్లు, అక్కడికి వెళ్లి స్నానాలు చేశాం. చిన్నమ్మకు నీళ్లు పోసేటప్పుడు తీసిన అమ్మ రూపును అప్పటికే అమ్మ ఫోటోకు కట్టేశారు. భోజనాల దగ్గర మేనత్త నా పక్కన కూర్చుని, "మీ బాపుకు ఇంత వండిపెట్టనీకి ఎవలన్న గావాలె గద. మా ఆడిబిడ్డ ఒక్కతే ఉంటది, పిల్లలు లేరు, ఏ లొల్లి లేదు. ఇంట్ల ఒక మూలకు పడుంటది, సర్దుకుంటది" అన్నది. చిన్నమ్మ పోయి వారం కూడా కాలేదు. చేతిలోని ముద్ద విస్తట్లో వదిలేశాను.

"బాపుకు చేతులున్నయి అత్తమ్మా" అన్నాను. "లేత్ మెషిన్ తిప్పిన చేతులు. అన్నం వండనీకి వస్తయి."

విస్తరి వదిలి లేచాను. అలా లేవకూడదన్నారు. లేచాను.

పదకొండో రోజు, దినం నాడు పొద్దున ఉప్పల్‌లో మా వంటింట్లో కుక్కర్ పెట్టాను. చిన్నమ్మ కుక్కరే, ముందు రోజు వెళ్లి తెచ్చుకున్నాను. దొడ్డుప్పు పోశాను. మైదా జల్లించి, పొడి చేసిన చక్కెర కలిపి, ఫ్రిజ్ తెరిస్తే పెరుగు లేదు. ఇంటికి వచ్చిపోయేవాళ్లతో రాత్రే గిన్నె ఖాళీ అయిపోయింది. తోడు వేయడం ఎవరికి గుర్తుంటుంది? ఫ్రిజ్ తలుపు పట్టుకుని అక్కడే నిలబడి మొదటిసారి ఏడ్చాను. చిన్నమ్మకు ఫోన్ చేసి అడుగుదామని చెయ్యి ఫోన్ మీదికి పోయింది కూడా. తర్వాత నాకు నేనే గట్టిగా అడుక్కున్నాను, పెరుగు ఇందులో ఏం పని చేస్తది అని. పులుపు ఇస్తుంది, ఆ పులుపు సోడాను లేపుతుంది. తడి ఇస్తుంది. పాలున్నాయి, నిమ్మకాయ ఉంది. పాలలో నిమ్మరసం పిండి పక్కన పెట్టాను. కాసేపటికి పాలు విరిగి చిక్కబడ్డాయి. సోడా వేస్తే బుసబుసమంది. గిన్నెను నేరుగా ఉప్పు మీద కూర్చోబెట్టి, పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. మా పిల్ల వచ్చి, "పెరుగు లేని కేకా?" అని అడిగింది.

"విరిగిన పాల కేకు" అన్నాను.

అడుగు బాగా నల్లబడే దాకా ఉంచి దించాను. మెత్తటి పైభాగం కోసి పిల్లకు, మా ఆయనకు పెట్టాను. అడుగు మాత్రం స్టీలు డబ్బాలో పెట్టుకుని నాచారం వెళ్లాను.

శ్మశానం గోడ దగ్గర అప్పటికే అందరూ చేరారు. విస్తరి నిండా అవే. గారెలు, పాయసం, మళ్లీ వంకాయ, ఈసారి మటన్ అదనం. నేను డబ్బా మూత తీయగానే మేనత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏందది? కేకా? బర్త్‌డేకు కోస్తరు కేకు, సావుకు కోస్తరా ఎవలన్న? నలుగురు నవ్వుతరు బిడ్డా."

"నవ్వనీ అత్తమ్మా."

"అది సుత మాడిపోయింది! మాడింది పెడ్తరా పోయినోళ్లకు?"

"పెట్టనియ్యి."

ఆ మాట బాపుది. ఇన్ని రోజుల్లో ఆయన గొంతు వినడం అదే. చేతిలో చిన్న ఫ్లాస్కు ఉంది. అది ఎప్పుడు తెచ్చాడో మేమెవరం చూడలేదు. వంగి, విస్తట్లో ఒక దొప్ప సరిచేసి, అందులో చాయ్ పోశాడు. "చాయ్ లేకుంటె ఆమె అడుగు తినది" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

నిజానికి నాకు ఆయన మీద జాలి కలగాలి. కోపమే వచ్చింది. "నీకెరుకేనా? మరి మూడోనాడు ఎందుకు చెప్పలేదు బాపు? అంతమంది అన్ని మాటలంటుంటె ఎందుకు చెప్పలేదు?"

"ఎవలడిగిన్రు?" అన్నాడు.

ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, అన్నీ తెలిసి, ఎవరూ అడగలేదని ఊరుకున్న మనిషి. ఆ కోపం ఆయన మీద నాకు ఇప్పటికీ ఉంది, ఎప్పుడు పోతుందో తెలియదు. కానీ చాయ్ మాత్రం సరిగ్గా ఆమె తాగే రంగులో ఉంది.

విస్తరి ముందు కూర్చున్నాను. నా ముక్క పెట్టడానికి చోటు లేదు. వంకాయ కూర విస్తరి మధ్యలో, గారెలు ఒక పక్క, పాయసం ఇంకో పక్క. మొహమే గుర్తులేని మా అమ్మ విస్తరి నిండా ఉంది. మణికట్టుతో వంకాయ కూరను మెల్లగా ఒక పక్కకు నెట్టాను. "అమ్మా, జర పక్కకు జరుగు" అన్నాను. చాయ్ దొప్ప పక్కన నల్లటి అడుగు పెట్టాను. వెనక తమ్ముడు వెక్కిళ్లు పెడుతున్నాడు. లేచి అందరితో పాటు దూరం జరిగాను.

గోడ మీద నుంచి ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ నడిచింది. గారెను చూసింది, మటన్‌ను చూసింది, వంకాయ వైపు తల కూడా తిప్పలేదు. అడుగు ముక్కను ముక్కున పట్టుకుంది. పెద్దనాయన రెండు చేతులూ జోడించి కళ్లు తుడుచుకున్నాడు.

"సూసిన్రా, మాడిన ముక్కతోని సుత సర్దుకున్నది" అన్నాడు.

"సర్దుకునుడు గాదు పెద్దనాయనా" అన్నాను. నా గొంతు నేననుకున్న దానికంటే పెద్దగా వచ్చింది. "ఏరుకున్నది."

ముక్క గట్టిగా ఉన్నట్టుంది, కాకి దాన్ని కింద పెట్టి రెండుసార్లు పొడిచింది. తర్వాత మళ్లీ నోట కరుచుకుని దొప్ప దగ్గరికి నడిచి వెళ్లి, చాయ్‌లో ముంచింది. తీసి, తల వంచి చూసింది. మళ్లీ ముంచింది.